సెల్‌ఫోన్ - వ్యక్తిగత గోప్యత

ప్రక్రియ: వ్యాసం

ఉద్దేశం

సెల్‌ఫోన్ నేడు మాట్లాడుకునే సాధనం మాత్రమే కాదు. మనిషి గుర్తింపునకు ఆధారం కూడా. ఈ సాధనం వెనుక మన వివరాలు ఎలా నమోదవుతాయో, అవి ఎవరి చేతుల్లోకి చేరుతాయో, వాటి రక్షణకు న్యాయస్థానాలు, చట్టాలు ఏం చేశాయో విద్యార్థులకు తెలియజేయడం, గోప్యత ఒక హక్కు అనే స్పృహను కలిగించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

మానవుడు సంఘజీవి. నలుగురితో కలిసి మెలగడం అతనికి ఎంత అవసరమో, నలుగురి కళ్లకు దూరంగా తనదంటూ కొంత చోటు ఉండడం కూడా అంతే అవసరం. మన పాత ఇళ్ల నిర్మాణంలోనే ఈ రెండు అవసరాలూ కనిపిస్తాయి. వీధి అరుగు ఊరందరిది. దారిన పోయే బాటసారి సైతం దానిమీద కూర్చుని సేదదీరవచ్చు. గడప దాటి లోపలికి రావాలంటే మాత్రం ఇంటివారి పిలుపు కావాలి. 'ఇంటి గుట్టు లంకకు చేటు' అనే సామెత కూడా మనకు ఉన్నది. ఉత్తరాల విషయంలోనూ మన పెద్దలు ఈ భేదాన్ని పాటించారు. క్షేమ సమాచారాన్ని కార్డు మీద రాసేవారు. పెళ్లి సంబంధాలు, అప్పుల సంగతులు, కుటుంబంలోని కష్టాలు కవరులో పెట్టి అంటించి పంపేవారు. కార్డును దారిలో ఎవరైనా చదవవచ్చునని రాసేవారికి తెలుసు. తన గురించి ఏ విషయం ఎవరికి, ఎంతవరకు తెలియాలో నిర్ణయించుకునే ఈ అధికారమే గోప్యత. తప్పు చేసినవాడు దాచుకునేది రహస్యం. ఏ తప్పూ చేయనివాడికి కూడా ఉండవలసినది గోప్యత. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం వల్లనే 'దాచవలసినది లేనివారికి భయమెందుకు?' అనే ప్రశ్న పుడుతుంది.

మన దేశంలో మొదటి సెల్‌ఫోన్ సంభాషణ 1995 జూలై 31న జరిగింది. ఆనాటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తానుంచి ఢిల్లీలోని కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. అంతకుముందు టెలిఫోన్ ఇంటిదో, కార్యాలయానిదో అయి ఉండేది. ఫోన్ మోగితే ఇంట్లో ఎవరో ఒకరు తీసేవారు. ఫోన్ లేనివారు ఎస్.టి.డి. బూత్‌కు వెళ్లేవారు. అక్కడ రూపాయలు చెల్లించి మాట్లాడినవారు ఎవరో యంత్రానికి తెలియదు. సెల్‌ఫోన్ వచ్చిన తరువాత ఈ స్థితి మారింది. నంబరు ఇంటిని విడిచి మనిషిని అంటిపెట్టుకుంది. ఆ పది అంకెలు ఒక చోటును కాక ఒక వ్యక్తిని సూచించడం మొదలైంది.

సెల్‌ఫోన్ పనిచేసే తీరు

సెల్‌ఫోన్‌లో అమర్చే సిమ్ కార్డు చిన్న చిప్పు. అందులో చందాదారుని గుర్తించే పదిహేను అంకెలకు మించని ప్రత్యేక సంఖ్య ఉంటుంది. మనం ఇతరులకు చెప్పే ఫోన్ నంబరు ఇది కాదు; నెట్‌వర్క్ మాత్రమే చదువుకునే సంఖ్య ఇది. సిమ్ కార్డుకే కాక ఫోన్ యంత్రానికి కూడా పదిహేను అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. దానిని ఐ.ఎం.ఇ.ఐ. అంటారు. అందుకే దొంగిలించిన ఫోన్‌లో సిమ్ మార్చినా ఆ యంత్రాన్ని గుర్తించడం సాధ్యమవుతుంది.

ఫోన్ ఎవరితోనూ మాట్లాడకుండా జేబులో ఉన్నప్పుడు కూడా అది మౌనంగా ఉండదు. తాను ఏ టవర్ల పరిధిలో ఉన్నదో నెట్‌వర్క్‌కు తెలియజేస్తూనే ఉంటుంది. అలా తెలియజేయకపోతే మనకు వచ్చే కాల్‌ను ఎటు పంపాలో నెట్‌వర్క్‌కు తెలియదు. అంటే మనిషి జాడ తెలియడం సెల్‌ఫోన్‌లోని లోపం కాదు. అది పనిచేయడానికి మూలాధారం. ఇక కాల్ చేసినప్పుడు ఎవరు ఎవరికి చేశారు, ఏ సమయంలో చేశారు, ఎంతసేపు మాట్లాడారు, ఆ వేళ ఏ టవరు కింద ఉన్నారు అనే వివరాలు నమోదవుతాయి. వీటినే కాల్ వివరాల రికార్డులు అంటారు. ఇందులో మాట్లాడిన మాటలు ఉండవు. అయినా ఈ రికార్డు చాలా చెబుతుంది. ఒక వ్యక్తి ఉదయం రక్తపరీక్షలు చేసే కేంద్రానికి, మధ్యాహ్నం క్యాన్సర్ వైద్యశాలకు, సాయంత్రం జీవిత బీమా కార్యాలయానికి ఫోన్ చేసినట్లు తెలిస్తే, అతని మాటలు వినకపోయినా అతని కష్టం అర్థమవుతుంది. ఆ సంగతి అతడు ఇంకా భార్యాబిడ్డలకే చెప్పి ఉండకపోవచ్చు.

నంబరే గుర్తింపు

2011 జనవరి 20నుంచి దేశమంతటా నంబరు మారకుండానే సేవాసంస్థను మార్చుకునే వీలు కలిగింది. 2015 జూలై 3నుంచి ఒక రాష్ట్రంనుంచి మరొక రాష్ట్రానికి వెళ్లినా అదే నంబరును ఉంచుకోవచ్చు. ఇది వినియోగదారునికి ఎంతో మేలు చేసింది. ఆ మేలుతోపాటు నంబరు శాశ్వత చిరునామా అయింది. బ్యాంకు ఖాతా, వంటగ్యాస్, ఉపకార వేతనం, పరీక్ష రుసుము, రైలు టికెట్టు మొదలైనవన్నీ ఆ నంబరుతో ముడిపడ్డాయి. ఒక్కసారికి మాత్రమే పనికివచ్చే రహస్య సంఖ్య, అంటే ఓ.టి.పి., ఆ నంబరుకే వస్తుంది. కనుక నంబరు ఎవరి చేతిలో ఉంటే ఖాతా తాళంచెవి వారి చేతిలో ఉన్నట్లే. మోసగాళ్లు దొంగపత్రాలు చూపి మరొకరి నంబరుకు నకలు సిమ్ తీసుకోవడం, ఆపై బ్యాంకు ఖాతాను ఖాళీ చేయడం ఈ కారణం వల్లనే జరుగుతున్నది.

వాడకుండా వదిలేసిన నంబరు విషయంలోనూ జాగ్రత్త అవసరం. రద్దయిన నంబరును 90 రోజులపాటు ఎవరికీ కేటాయించరాదని నియమం. ఆ తరువాత అది కొత్త వినియోగదారునికి చేరవచ్చు. పాత యజమాని తన బ్యాంకు ఖాతానుంచి ఆ నంబరును తొలగించకపోతే అతని సందేశాలు అపరిచితునికి చేరుతాయి. 2023 నవంబరులో సుప్రీంకోర్టు ముందుకు ఈ విషయం వచ్చినప్పుడు, ఆ 90 రోజుల్లో తగిన జాగ్రత్త తీసుకోవలసిన బాధ్యత చందాదారునిదేనని న్యాయస్థానం పేర్కొన్నది.

వేలిముద్ర చెప్పిన పాఠం

సిమ్ కార్డు ఎవరిదో తెలియకపోతే నేరస్థులు దాని చాటున దాగుతారు. అందువల్ల గుర్తింపు పత్రాలు చూపనిదే కనెక్షన్ ఇవ్వరాదని ప్రభుత్వం నియమం చేసింది. మొదట్లో ఛాయాచిత్రం, చిరునామా పత్రం జిరాక్స్ తీసి దుకాణంలో ఇచ్చేవారు. ఆ జిరాక్స్ కాగితాలతోనే యజమానికి తెలియకుండా మరికొన్ని సిమ్‌లు జారీ అయిన సందర్భాలున్నాయి. ఆధార్ వచ్చిన తరువాత వేలిముద్రతో గుర్తింపును సరిచూసే పద్ధతి ప్రవేశించింది. 2017 మార్చి 23న టెలికాం శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చి, అప్పటికే ఉన్న చందాదారులందరి నంబర్లనూ ఆధార్ ద్వారా మళ్లీ సరిచూడాలని సంస్థలను ఆదేశించింది. కోట్లాదిమంది దుకాణాల ముందు వరుసలో నిలబడి వేలిముద్రలు ఇచ్చారు.

వేలిముద్ర మోసానికి లొంగదనే నమ్మకం ఎక్కువకాలం నిలవలేదు. 2018 జూన్‌లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లా ధర్మారానికి చెందిన ఒక సిమ్ కార్డుల పంపిణీదారును హైదరాబాదు పోలీసులు అరెస్టు చేశారు. భూముల రిజిస్ట్రేషన్ పత్రాల మీద అమ్మినవారి, కొన్నవారి వేలిముద్రలు ఉంటాయి. ఆ పత్రాలు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో లభించేవి. అతడు వాటిని దించుకుని, రబ్బరు స్టాంపులు తయారుచేసే యంత్రంతో ఆ ముద్రలకు నకళ్లు చేసి, వేల సంఖ్యలో సిమ్ కార్డులను చలామణిలోకి తెచ్చినట్లు పోలీసులు వెల్లడించారు. సంస్థ నిర్దేశించిన అమ్మకాల లక్ష్యాన్ని చేరుకోవడమే అతని ఉద్దేశమని తేలింది. పొలం అమ్ముకున్న రైతు ఏనాడో వేసిన వేలిముద్ర, అతనికి తెలియని సిమ్ కార్డుకు పూచీ అయింది.

ఈ సంఘటన రెండు సత్యాలను బోధిస్తుంది. ఒక అవసరానికి ఇచ్చిన వివరం మరొక పనికి వినియోగపడితే ప్రమాదం ఎటునుంచి వస్తుందో ఊహించలేం. ఇది మొదటిది. రహస్య సంఖ్య బయటపడితే మార్చుకోవచ్చు. వేలిముద్రను మార్చుకోవడం ఎవరి తరమూ కాదు. ఇది రెండవది.

ఆ ఏడాదే సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆధార్ కేసులో తీర్పు చెప్పింది. ఆధార్ పథకాన్ని సమర్థిస్తూనే, మొబైల్ నంబర్లను ఆధార్‌తో తప్పనిసరిగా ముడిపెట్టిన ఉత్తర్వును కొట్టివేసింది. కొద్దిమంది దుర్వినియోగం చేస్తారన్న కారణంతో ప్రజలందరి గోప్యతలోకి చొరబడడం తగదని భావించింది. 2019లో చేసిన చట్ట సవరణ ప్రకారం చందాదారుడు ఇష్టపడితే ఆధార్ చూపవచ్చు. లేదా వేరొక గుర్తింపు పత్రాన్ని ఇవ్వవచ్చు.

తన పేరున ఎన్ని సిమ్ కార్డులున్నవో తెలుసుకునే సౌకర్యం మొదట తెలుగువారికే లభించడం గమనించదగిన విషయం. 2021 ఏప్రిల్‌లో టెలికాం శాఖ ఇందుకోసం ఒక వెబ్‌సైటును ఆంధ్రప్రదేశ్, తెలంగాణ చందాదారులతో ప్రారంభించింది. ఇప్పుడు అది 'సంచార్ సాథీ'లో భాగంగా దేశమంతటా అందుబాటులో ఉన్నది. ఒక వ్యక్తి పేరున తొమ్మిది సిమ్‌లకు మించి ఉండరాదు. జమ్ముకాశ్మీర్, అస్సాం, ఈశాన్య రాష్ట్రాలలో ఈ పరిమితి ఆరు. మోసంతోగానీ, మరొకరి పేరుతోగానీ సిమ్ పొందితే మూడేళ్ల వరకు జైలుశిక్ష, 50 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చునని 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టం చెబుతున్నది.

న్యాయస్థానాల మాట

గోప్యతకు, కొత్త సాధనాలకు ఉన్న సంఘర్షణ సెల్‌ఫోన్‌తో మొదలైనది కాదు. అడిగిన తక్షణం ఫోటో తీయగల కెమెరాలు, ఇళ్లలోని సంగతులను అచ్చువేసే పత్రికలు పెరిగిన కాలంలో, 1890లో అమెరికా న్యాయవాదులు శామ్యూల్ వారెన్, లూయీ బ్రాండైస్ గోప్యతా హక్కును గురించి ప్రసిద్ధమైన వ్యాసం రాశారు.

మన రాజ్యాంగంలో గోప్యత అనే పదం లేదు. 1962లో ఖడక్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు, పోలీసులు రాత్రివేళ ఇళ్లకు వెళ్లి సోదా చేయడాన్ని తప్పుపట్టినా, గోప్యత ప్రాథమిక హక్కు కాదని పేర్కొన్నది. టెలిఫోన్ సంభాషణలను చాటుగా వినే అధికారాన్ని 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది. 1988లో ఫోన్లు విన్నారన్న ఆరోపణ మీద కర్ణాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే పదవినే వదులుకోవలసి వచ్చింది. 1996 డిసెంబరులో పౌరహక్కుల ప్రజాసంఘం వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు, ఇంట్లోగానీ కార్యాలయంలోగానీ ఎవరి ఆటంకమూ లేకుండా ఫోన్‌లో మాట్లాడుకోవడం గోప్యతా హక్కులో భాగమని తీర్పు చెప్పింది. హోంశాఖ కార్యదర్శి స్థాయి అధికారి ఆదేశం లేనిదే ఫోన్ వినరాదనీ, ఆ ఆదేశం రెండు నెలలకు మించి, పొడిగించినా మొత్తం ఆరు నెలలకు మించి చెల్లరాదనీ, దానిని ఒక సంఘం సమీక్షించాలనీ కట్టడి చేసింది.

తెలుగునాటనుంచి వెళ్లిన ఒక కేసు ఈ హక్కును మరింత విస్తరింపజేసింది. స్టాంపు సుంకం ఎగవేతను పట్టుకోవడానికి, బ్యాంకులలో ఉన్న ఖాతాదారుల పత్రాలను సైతం తనిఖీ చేసే అధికారాన్ని ఇస్తూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్టాంపుల చట్టాన్ని సవరించింది. హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారుకు, కెనరా బ్యాంకుకు నడుమ ఈ వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 2004 నవంబరులో న్యాయస్థానం ఆ సవరణ చెల్లదన్నది. గోప్యత స్థలాలకు కాక మనుషులకు చెందినదనీ, నమ్మి బ్యాంకుకు అప్పగించినంత మాత్రాన పత్రాల మీద వ్యక్తికి గల గోప్యత పోదనీ స్పష్టం చేసింది. ఈ సూత్రం సెల్‌ఫోన్‌కు ఎంతగానో వర్తిస్తుంది. ఏమంటే, మన వివరాలన్నీ మన ఇంట్లో కాక సంస్థల కంప్యూటర్లలోనే ఉంటాయి. అమెరికాలో మాత్రం మూడో వ్యక్తికి ఇచ్చిన సమాచారం మీద గోప్యత ఆశించలేమనే అభిప్రాయం 1970వ దశకంనుంచి కొనసాగింది. ఒక దోపిడీ కేసులో పోలీసులు నిందితుని ఫోన్ 127 రోజులలో ఎక్కడెక్కడ ఉన్నదో తెలిపే 12,898 వివరాలను సేకరించినప్పుడు, 2018 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని సడలించి, అటువంటి రికార్డులకు సాధారణంగా న్యాయమూర్తి ఇచ్చిన వారంటు ఉండాలని తీర్పు చెప్పింది.

మన దేశంలో 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి వేసిన వ్యాజ్యంలో గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా ప్రకటించింది. ఆ ధర్మాసనంలో కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ ఒకరు. గోప్యతలో మూడు అంశాలున్నాయని ఆయన తన తీర్పులో వివరించారు. అనవసరమైన ఒత్తిడి లేని నెమ్మది మొదటిది. ఇతరుల నిఘా సోకని ఆశ్రయం రెండవది. సొంత జీవితం గురించి స్వేచ్ఛగా తీసుకునే నిర్ణయం మూడవది. వేళకాని వేళ వచ్చే వ్యాపార కాల్స్ మొదటిదానిని, జాడను వెంబడించే యాప్‌లు రెండవదానిని, 'ఎవరితో మాట్లాడుతున్నావు?' అనే ఆరాలు మూడవదానిని దెబ్బతీస్తాయి. గోప్యత అపరిమితమైన హక్కు కాదని కూడా ఆ తీర్పు చెప్పింది. ప్రభుత్వం దానిని పరిమితం చేయాలంటే అందుకొక చట్టం ఉండాలి. న్యాయమైన ప్రయోజనం ఉండాలి. తీసుకునే చర్య ఆ ప్రయోజనానికి తగినంతలో ఉండాలి.

సమాజం మీద ప్రభావం

హక్కులు పుస్తకాలలో సమానమే అయినా, వాటి లోటు అందరికీ సమానంగా తగలదు. అనేక కుటుంబాలలో ఫోన్ ఇంటి యజమానిది. ఇల్లాలు, కుమార్తె దానినే అడిగి వాడుకుంటారు. ఎవరితో మాట్లాడారో అందులో నమోదై ఉంటుంది. రీఛార్జి కోసం దుకాణంలో నంబరు చెప్పిన యువతికి ఆ తరువాత అపరిచితులనుంచి కాల్స్ వచ్చిన సందర్భాలు దేశంలో పలుచోట్ల ఉన్నాయి. అటువంటి ఇబ్బంది పడిన యువతి చాలాసార్లు ఇంట్లో చెప్పదు. చెబితే నేరస్థుని పట్టుకోవడానికి బదులు ఆమె చేతిలోని ఫోన్‌నే లాక్కుంటారని ఆమెకు భయం. గోప్యత పోయినందుకు శిక్ష కూడా బాధితురాలికే పడుతున్నదన్నమాట.

ఒకరి ఫోన్‌లో ఒకరి వివరాలే ఉండవనడానికి రుణ యాప్‌ల ఉదంతం నిదర్శనం. లాక్‌డౌన్ వల్ల ఉపాధి కోల్పోయిన అనేకులు 2020లో యాప్‌ల ద్వారా చిన్న చిన్న అప్పులు తీసుకున్నారు. అప్పు ఇచ్చే ముందు ఆ యాప్‌లు ఫోన్‌లోని పేర్ల జాబితాను, ఫోటోలను చూడడానికి అనుమతి అడిగేవి. ఆత్రుతలో ఉన్నవారు ఏమీ చదవకుండా అంగీకరించారు. వాయిదా తప్పగానే వసూలుదారులు ఆ జాబితాలోని బంధువులకు, స్నేహితులకు, ఇరుగుపొరుగులకు ఫోన్లు చేసి రుణగ్రస్తుని పరువు తీశారు. ఆ అవమానం భరించలేక తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. 2020 డిసెంబరులో హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు ఈ ముఠాల మీద కేసులు పెట్టి అరెస్టులు చేశారు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు జారీచేసిన మార్గదర్శకాలు, రుణ యాప్‌లు ఫోన్‌లోని పేర్ల జాబితా, కాల్ వివరాలు, ఫోటోల జోలికి వెళ్లరాదని నిషేధించాయి.

ఈ ఉదంతంలో గమనించవలసిన ధర్మసూక్ష్మం ఉన్నది. అప్పు తీసుకున్నవాడు తన సమ్మతితో తన వివరాలు ఇచ్చాడనుకుందాం. అతని ఫోన్‌లోని మూడు వందలమంది నంబర్లను ఇవ్వడానికి అతనికి అధికారం ఎక్కడిది? వారెవరూ ఆ యాప్‌ను చూడలేదు, అంగీకారమూ తెలుపలేదు. కనుక ఫోన్‌లో ఉన్నది మన సొత్తు మాత్రమే కాదు. ఇతరులు మనల్ని నమ్మి ఉంచిన తాకట్టు కూడా అందులో ఉన్నది.

నాణేనికి మరొక ముఖం

గుర్తింపు వివరాలు నమోదు కావడం వల్ల సమాజానికి మేలు లేదనడం అసత్యమవుతుంది. తప్పిపోయిన పిల్లలను, వరదల్లో చిక్కుకున్నవారిని టవరు వివరాల సాయంతో గుర్తించవచ్చు. పోయిన ఫోన్‌ను ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య ఆధారంగా ఏ నెట్‌వర్క్‌లోనూ పనిచేయకుండా నిలిపివేయవచ్చు. మోసగాళ్లను పట్టుకోవడానికి కాల్ వివరాలు పోలీసులకు ముఖ్యమైన ఆధారం. ఫోన్ చేసినవారి పేరు తెర మీద కనిపించే ఏర్పాటు ఉండాలని 2024 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సిఫారసు చేసింది. ఫోన్ ఎత్తేవారికి ఇది రక్షణ. కానీ ఆటో కోసమో, ఇల్లు అద్దెకు తీసుకోవడానికో అపరిచితునికి ఫోన్ చేసే మహిళకు తన పేరు వెల్లడి కావడం ఇష్టం కాకపోవచ్చు. ఒకరి రక్షణ మరొకరి గోప్యతకు ఎదురు నిలిచే ఇటువంటి చోటనే నియమాల రూపకల్పనలో మెలకువ కావాలి.

2025 నవంబరు 28న టెలికాం శాఖ, దేశంలో అమ్మే కొత్త ఫోన్లన్నింటిలోనూ 'సంచార్ సాథీ' యాప్‌ను ముందుగానే అమర్చాలని తయారీదారులను ఆదేశించింది. మోసాల నివారణ దాని లక్ష్యం. అయితే ప్రభుత్వ యాప్ ప్రతి ఫోన్‌లో తప్పనిసరిగా ఉంటే నిఘాకు దారితీస్తుందనే ఆందోళన వ్యక్తమైంది. డిసెంబరు 3న ప్రభుత్వం ఆ నిబంధనను ఉపసంహరించుకున్నది. ఆ యాప్ ఇప్పుడు ఇష్టమైనవారు వాడుకునే సాధనం. మంచి ప్రయోజనం కూడా ప్రజల సమ్మతితో కలిసి నడవాలని ఈ ఉదంతం సూచిస్తున్నది.

చట్టం - పౌరుడు

2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలను 2025 నవంబరులో ప్రకటించారు. అవి దశలవారీగా అమలులోకి వచ్చే ఏర్పాటు ఉన్నది. ఈ చట్టం ప్రకారం వ్యక్తి సమాచారాన్ని ఎందుకు సేకరిస్తున్నారో స్పష్టంగా చెప్పి సమ్మతి పొందాలి. ఇచ్చిన సమ్మతిని వెనుకకు తీసుకునే హక్కు, తప్పులు దిద్దించుకునే హక్కు, అవసరం తీరిన సమాచారాన్ని తొలగింపజేసుకునే హక్కు పౌరునికి ఉన్నాయి. సమాచార భద్రతలో నిర్లక్ష్యం చేసిన సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. 18 ఏళ్లు నిండనివారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి అవసరం. ప్రభుత్వ సంస్థలకు ఇచ్చిన మినహాయింపులు విస్తృతంగా ఉన్నాయనే విమర్శ కూడా ఈ చట్టం మీద ఉన్నది.

చట్టం ఎంత బలమైనదైనా పౌరుని మెలకువకు ప్రత్యామ్నాయం కాదు. యాప్ అడిగిన ప్రతి అనుమతి దాని పనికి అవసరమా అని ఆలోచించాలి. టార్చిలైటు యాప్‌కు మన బంధువుల నంబర్లతో పనిలేదు. గుర్తింపు పత్రం నకలు ఇచ్చేటప్పుడు దాని మీద తేదీని, ప్రయోజనాన్ని రాసి సంతకం చేయడం మంచి అలవాటు. ఓ.టి.పి.ని ఎవరికీ చెప్పరాదు. సిగ్నల్ అకారణంగా చాలాసేపు పోతే నకలు సిమ్ జారీ అయిందేమోనని సేవాసంస్థను సంప్రదించాలి. వ్యాపార కాల్స్ వద్దనుకునేవారు 1909కు తెలియజేయవచ్చు. డబ్బు మోసపోయిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి. స్నేహితుని నంబరును గానీ, ఫోటోను గానీ అతని అనుమతి లేకుండా మరొకరికి పంపకపోవడం వీటన్నింటికన్నా ముఖ్యం. ఈ చివరి నియమాన్ని ఏ పోలీసూ అమలు చేయలేడు.

మన గోప్యతను ఇతరులు గౌరవించాలని కోరడం సహజం. ఇతరుల గోప్యతను మనం గౌరవించడం సంస్కారం. ఈ రెండూ కలిసినప్పుడే సెల్‌ఫోన్ మనిషికి సేవకుడిగా ఉంటుంది. లేనినాడు కాపలాదారు అవుతుంది.

కఠిన పదాలకు అర్థాలు

గోప్యత = కాపాడుకోదగిన ఆంతరంగికత
నిఘా = కనిపెట్టి ఉండడం
ధర్మాసనం = న్యాయమూర్తులు కూర్చుని తీర్పు చెప్పే పీఠం
వ్యాజ్యం = దావా, న్యాయస్థానంలో వేసే ఫిర్యాదు
సమ్మతి = అంగీకారం
ఉదంతం = జరిగిన విషయం, వృత్తాంతం
పూచీ = హామీ, బాధ్యత
ఏకగ్రీవం = అందరూ ఒకే మాట మీద ఉండడం

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. గోప్యతా హక్కు విషయంలో మన న్యాయస్థానాల దృక్పథం ఎలా మారుతూ వచ్చిందో వివరించండి.
2. సెల్‌ఫోన్ సేవల వల్ల సమాజం మీద పడుతున్న ప్రభావాన్ని పాఠం ఆధారంగా చర్చించండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. రహస్యానికి, గోప్యతకు గల భేదం ఏమిటి?
2. మాటలు లేకపోయినా కాల్ వివరాల రికార్డు మనిషిని గురించి ఏం చెప్పగలదు?
3. వేలిముద్రల మోసం బోధించే రెండు సత్యాలు ఏవి?
4. జస్టిస్ చలమేశ్వర్ పేర్కొన్న గోప్యతలోని మూడు అంశాలను తెలపండి.

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. మన దేశంలో మొదటి సెల్‌ఫోన్ సంభాషణ ఎప్పుడు జరిగింది?
2. ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య దేనిని గుర్తిస్తుంది?
3. గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించిన ధర్మాసనంలో ఎంతమంది న్యాయమూర్తులున్నారు?
4. రద్దయిన నంబరును ఎన్ని రోజులపాటు ఇతరులకు కేటాయించరాదు?

IV. భాషాంశాలు

సంధులు
ధర్మాసనం = ధర్మ + ఆసనం - సవర్ణదీర్ఘ సంధి
స్వేచ్ఛ = స్వ + ఇచ్ఛ - గుణ సంధి
ప్రత్యేక = ప్రతి + ఏక - యణాదేశ సంధి
ఏమంటే = ఏమి + అంటే - ఇత్వ సంధి

సమాసాలు
వేలిముద్ర = వేలి యొక్క ముద్ర - షష్ఠీ తత్పురుష సమాసం
తల్లిదండ్రులు = తల్లియును తండ్రియును - ద్వంద్వ సమాసం
పది అంకెలు = పది సంఖ్య గల అంకెలు - ద్విగు సమాసం

V. అభ్యాసం
'దాచవలసినది లేనివారికి గోప్యత ఎందుకు?' అనే ప్రశ్న మీద తరగతిలో చర్చ జరిపి, మీ అభిప్రాయాన్ని పదిహేను వాక్యాలలో రాయండి.